పగులులో పుల్ల

మా తాత చెంగల్రాయన్ కోతలు కొయ్యడంలో పుదుచ్చేరి మొత్తానికి రెండోవాడు. మొదటివాణ్ణి నేను. ఆయన కాలానికి నేనింకా పుట్టలేదు గనక, అప్పటికి ఆయనే మొదటివాడని పెద్దమనసుతో ఒప్పుకుంటాను. నేను నాలుగో ఫారంలో బడి గోడ దూకి బయటపడ్డవాణ్ణి. మళ్ళీ లోపలికి దూకలేదు. భూగోళం, చరిత్ర అనే రెండు పాఠాల్లో నాకు వచ్చిందల్లా ఒక్క ఊరి సంగతే. ఆ ఊరు నేను చూడలేదు, మా తాతా చూడలేదు. నార్వే అనే దేశంలో కొండల సందున ఉందట. దాని పేరు తాత నోట ‘స్కారెదాలు’ అని పలికేది. అసలు పేరు ఏదైనా కానీండి, ఆ ఊళ్ళో ఎన్ని ఇళ్ళో, ఏ నెలలో ఎండ పోయి ఏ నెలలో తిరిగొస్తుందో, మొదటి పొయ్యి ఎవరు వెలిగించారో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. తాత చెప్పిన వేయి కథల్లో ఆయన తనను తాను పెద్ద చేసుకోని కథ ఇదొక్కటే. అందుకే నమ్ముతాను.

మావాళ్ళు ఒడ్డెవాళ్ళు. మట్టి తవ్వడం, మొయ్యడం, పొయ్యడం. ఏ తరంలోనో నెల్లూరు వైపు నుంచి గాడిదలు తోలుకుంటూ దిగివచ్చి ఇక్కడే ఉండిపోయారు. మూడు భాషలు వచ్చు వాళ్ళకి: ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఫ్రెంచి దొర ముందు తలూపడం.

పెద్ద యుద్ధానికి రెండేళ్ళ ముందు, వానలు మొదలవబోయే రోజుల్లో, ఊరికి పడమరగా ఉన్న ఎర్రమట్టి మిట్ట దగ్గర పని దొరికింది. సర్కారు రోడ్లు మెరక చెయ్యడానికి మట్టి కావాలి. మిట్టని ఒక పక్క నిలువునా కోశారు. నాలుగు నిలువుల ఎత్తు గోడ తేలింది. దాని ముందు గుంత తవ్వుతూ పోయారు. పదకొండు గుడిసెలు. ఈశాన్యపు గాలి తగలకుండా గుడిసెలన్నీ ఆ గోడ మొదట్లోనే, గుంత అంచున వేశారు. ఆ చోటు చూపించింది మా తాతే. గోడ మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి, “నేను చెయ్యేసిన మిట్ట పడదు. మన మనవళ్ళు వచ్చి దీనికి సున్నం కొడతారు” అన్నాడట. మనవణ్ణి నేను. సున్నం కొట్టే భాగ్యం నాకు కలగలేదు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. గుంత తవ్వేటప్పుడు మావాళ్ళు నడిమధ్యన ఒక దిమ్మెను తవ్వకుండా వదిలేస్తారు. దాని నెత్తిన మొదటినాటి గడ్డి అలాగే ఉంటుంది. గుంత అడుగునుంచి ఆ గడ్డి దాకా ఎంత ఎత్తో అంత లోతు తవ్వినట్టు. దాన్ని సాక్షి దిమ్మె అంటారు. కొలత దొర వచ్చి కర్ర పెట్టి చూసేది దాన్నే. పసుపు రాసి బొట్టు పెడతారు. అది నిలిచినంతకాలం గుడిసె కదపకూడదు. అది కూలితే మాత్రం ఆ చోట ఇక పొయ్యి వెలిగించకూడదు. ఇది మావాళ్ళ కట్టడి, ఎవరు పెట్టారో తెలీదు. కొలత కాకముందే దిమ్మె పోతే చేసిన కష్టమంతా పోయినట్టే. ఇంత తవ్వామని చెప్పడానికి ఇంకో సాక్షి లేదు.

ఆ రోజుల్లోనే ఊళ్ళో ఆసుపత్రి ముంగిట్లో గరుసు, అంటే సన్నకంకర మట్టి, పొయ్యాల్సివచ్చింది. వారానికి రెండు బళ్ళు. తోలుకెళ్ళేది తాత. అక్కడ వరండాలో ఒక తెల్లమనిషి కాలుకి చెక్కలు కట్టించుకుని కూర్చుని ఉండేవాడు. వేరుశనగ మూటలు ఎత్తడానికి వచ్చిన ఓడలోంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఓడ ఇతన్ని వదిలేసి పోయింది. పేరు హాల్వర్. ఆసుపత్రి నౌకరు భక్తవత్సలం నాయుడికి ఆ పేరు నోరు తిరక్క, ఆళ్వార్ దొర అని భక్తిగా పిలిచేవాడు. నాయుడికి ఫ్రెంచి వచ్చు. హాల్వర్‌కి ఓడల్లో నేర్చిన ముక్కలు వచ్చు. వాళ్ళిద్దరి మధ్యా మా తాత దూరాడు.

“ఏంది నాయుడన్నా, దొర మొహం అట్టా వేలాడేసుకోనుండాడు?”

“ఇంటి మీద బెంగరా. నువ్వు గరుసు పొయ్యి, సుమ్మా ఉండు.”

సుమ్మా, అంటే ఊరికే, ఉండడం మా వంశంలో లేదు. అరియాంకుప్పం ఏట్లో తాను పట్టిన ఎండ్రకాయ, అదే పీత, సంగతి మొదలుపెట్టాడు తాత. దాని చిప్పను బండి చక్రానికి బదులు బిగించి ముదలియార్‌పేట దాకా తోలుకొచ్చానన్నాడు. నాయుడు మొహమాటపడుతూనే దాన్ని ఫ్రెంచిలో పెట్టాడు. హాల్వర్ నవ్వలేదు. బదులుగా తన ఊరి మాట చెప్పాడు.

“వాళ్ళ ఊళ్ళో పిల్లకాయల నడుముకి తాడు కట్టి గుంజకి కట్టేస్తారంట, ఆటాడుకునేటప్పుడు” అన్నాడు నాయుడు. “లేకుంటే కిందికి దొర్లి సముద్రంలో పడతారంట.”

“మేకల్నా, పిల్లల్నా? సరిగ్గా అడుగన్నా.”

“పిల్లల్నేరా. మేకలు ఇంటి కప్పు మీద మేస్తాయంట. కప్పు మీద గడ్డి మొలుస్తదంట.”

తాత గంప కింద పెట్టి హాల్వర్‌కి రెండు చేతులా దండం పెట్టాడు. “ఎండ్రకాయని వెనక్కి తీసుకుంటా దొరా. నువ్వు నాకంటే మొనగాడివి.”

ఆ తర్వాత ప్రతి బండికీ ఒక ముక్క ఊరు వచ్చింది. సముద్రం రెండు కొండల మధ్యకి కాలవలా చొచ్చుకొని వస్తుంది, రోజంతా పడవ నడిపినా చివర దొరకదు. నీళ్ళు నల్లగా ఉంటాయి, లోతు ఎవరికీ తెలీదు. కొండ నీళ్ళలోంచే నిటారుగా లేస్తుంది. నీటికి పైన, అటక మీద చెక్కలాంటి ఒక మెట్టు. ఆ మెట్టు మీద పన్నెండిళ్ళు, వాటి మీదికి వంగి చూస్తున్నట్టు ఇంకా కొండ. ఐప్పసి నెలలో, అంటే అక్టోబరు చివర, ఎండ ఆ కొండ వెనక్కి పోతే మాసి దాకా, ఫిబ్రవరి సగమయ్యేదాకా, తిరిగి రాదు. వచ్చిన రోజు ప్రతి గడపలో వెన్నముద్ద పెట్టి, మొదట ఎవరి వెన్న కరిగితే వాళ్ళింట్లో అందరూ భోంచేస్తారు.

తాతకి వింటే చాలదు, మట్టిలో పెడితేగాని అర్థం కాదు. ముంగిట్లో గరుసు కుప్ప పక్కన ఎర్రమట్టి తడిపి ఆ ఊరు కట్టాడు. కొండ మోకాలెత్తు. మెట్టు మీద పన్నెండు గవ్వలు, అవి ఇళ్ళు. హాల్వర్ కర్రల మీద కుంటుకుంటూ వచ్చి చూసి, ఒక గవ్వని రెండు వేళ్ళ దూరం జరిపాడు. “అది వాళ్ళ నాయన ఇల్లంట” అన్నాడు నాయుడు మెల్లగా.

చరిత్ర ఇంకో బండికి వచ్చింది. ఆ ఊరు మూడుసార్లు పుట్టింది. మొదట, అక్కడ గుళ్ళూ చర్చీలూ లేని కాలంలో, పక్క లోయలో మనిషిని చంపిన ఒకడు ఇద్దరు తమ్ముళ్ళతో, ఒక గుర్రంతో మంచు దాటి పారిపోయి వచ్చాడు. గుర్రం అలిసి ఎక్కడ పడుకుందో అక్కడ పొయ్యి పెట్టాడు. వాళ్ళ కత్తులు ఇప్పటికీ దుక్కిలో తగులుతాయి. తర్వాత ఒక ఓడ జబ్బు మోసుకొచ్చింది. ఒక్కో ఇంటి పొగ ఆగిపోతూ వచ్చి, చలికాలం అయ్యేసరికి ఏ ఇంటి మీదా పొగ లేదు. రెండు వందల ఏళ్ళు అడవే. తర్వాత ఎవరో వేటగాళ్ళు ఆ అడవిలో చెట్లు వరసలు వరసలుగా ఉండడం చూసి, “అడవి వరసలో మొలవదే, ఇక్కడ ఎవరో ఉన్నారు” అనుకున్నారు. మళ్ళీ దున్నారు. అది రెండోసారి. ఆ ఊరిని కొండ మింగింది. ఒక వసంతంలో, పొద్దున గంజి తాగే వేళకి. మూడోసారి వచ్చినవాళ్ళు ఆ రాళ్ళ మీదే ఇళ్ళు కట్టుకున్నారు.

“తెలిసి తెలిసి అక్కడేనా కట్టేది?” అన్నాడు తాత.

నాయుడు అడిగి చెప్పాడు. “గాలి తగలదంట అక్కడ.”

తాత ఇంకో గంప గరుసు తెచ్చి పోశాడు.

“ఒకసారి మేకపిల్ల తప్పిపోయిందంట” అని నాయుడు కొనసాగించాడు. “మెడలో గంటుండాది. గంట వినపడతా ఉండాది, మేక మాత్రం కనపడలేదు. మూడు రోజులు వెతికినారంట. కొండలోపల్నించి వినపడతా ఉండాదంట గంట. శిఖరం దగ్గర పగులుండాది, దాంట్లో పడింది. అట్లా తెలిసిందంట పగులుండేది.”

అప్పటినుంచి ఆ ఊళ్ళో ఒక పని ఏర్పడింది. ఏటా మంచు కరగ్గానే ఒక మనిషి పైకెక్కి, పగులుకి సరిగ్గా బిగిసేలా కోసిన పుల్ల ఒకటి అడ్డంగా పెట్టి వస్తాడు. మరుసటేడు పుల్ల నిలిచి ఉంటే సరే. జారి పడిపోయి ఉంటే పగులు విచ్చుకున్నట్టు. ఊరంతా పడవలెక్కి అవతలి ఒడ్డుకి పోవాలి. ఆ పని ఒక ఇంటివాళ్ళది. హాల్వర్ వాళ్ళింటిది.

తాత గట్టిగా నవ్వాడు. “చీపురుపుల్లతో కొండని కొలిచేదా! మా మిట్ట గోడకైతే నా చెయ్యే చాలు.”

ఆ సాయంత్రమే మిట్ట ఎక్కాడు. ఎందుకెక్కావని నేను అడిగితే, “కాళ్ళు పోయినాయి, నేను పోలేదు” అన్నాడు. పైన ముళ్ళపొదలు. వాటి కింద, గోడ అంచుకి పది బారల లోపల, సన్నటి గీత. వంగి చూశాడు. రెండు వేళ్ళు దూరేంత. మిట్ట పొడుగునా పోతోంది, గుడిసెల వరస ఎంత ఉందో సరిగ్గా అంత. చెంబులో ఉన్న నీళ్ళు ఒంపాడు. నీళ్ళు లోపలికి పోయాయి. ఎక్కడా తేలలేదు.

సరుగుడు పుల్ల ఒకటి కోసి, బిగించి, దిగివచ్చాడు. ఇంట్లో మా అవ్వ మణియమ్మ, “పొదల్లో యాడికి పోయినావు, కాలంతా గీరుకోనుండాది” అంది. “కుందేలు కోసం” అన్నాడు.

మూడో రోజు పుల్ల లేదు. పగుల్లోకి జారిపోయింది.

ఇక్కడ మా తాత ఏం చేశాడో వినండి. కిందికి చూశాడు. యాభైమంది మట్టి మోస్తున్నారు. ఆడవాళ్ళు పాడుతున్నారు. సాక్షి దిమ్మె నిలువెత్తు లేచి, నెత్తిన గడ్డితో, పసుపు మెరుస్తూ ఉంది. కొలత దొర రావడానికి పదిరోజులు. గుడిసెల చోటు చూపించింది తనే. గోడ మీద రెండు దెబ్బలు కొట్టింది తనే. ఆయన ఇంకొంచెం పొడుగు పుల్ల కోసి, బిగించి, దిగివచ్చాడు.

రెండు రోజులకి అదీ పడింది. ఇంకా పొడుగు పుల్ల. దాని తర్వాత ఇంకొకటి. ఎవరికీ చెప్పలేదు. రోజూ భోజనం దగ్గర మామ వీరాసామి ఎదురుగా కూర్చునేవాడు. ఆయనే గుంపుకి పెద్ద మేస్త్రి. “ఏంరా అల్లుడూ, నీ గోడ చల్లగా ఉండాది, ఈ ఏడు గాలి తగల్లేదు” అనేవాడు. తాత ముద్ద మింగేవాడు.

ఆసుపత్రి బండి వారం పైగా ఆగింది; మళ్ళీ తోలుకెళ్ళేనాటికి రెండు జల్లులు పడ్డాయి. ఆసుపత్రి ముంగిట్లో మట్టికొండ తడిసి ముందుకి జారిపోయింది. మెట్టు లేదు. గవ్వల్లో రెండే పైకి కనిపిస్తున్నాయి. హాల్వర్ దాని ముందు నేలమీదే కూలబడి ఉన్నాడు. నాయుడు లేపబోతే లేవడంలేదు.

“పొద్దున్నుంచీ ఇంతే” అన్నాడు నాయుడు. “ఏదో చెప్తా ఉండాడు. నీకు చెప్పమంటాడు.”

హాల్వర్ చెప్పాడు. నాయుడు ఒక్కో మాటా తెలుగులో పెట్టాడు, ఈసారి ఎగతాళి లేకుండా. ఏడేళ్ళ కిందట నాయన పోయాక పుల్ల పని తనకి వచ్చింది. మొదటి ఏడే ఎక్కాడు. పుల్ల పడిపోయి ఉంది. కింద గడ్డి ఏపుగా పెరిగి ఉంది, పదిహేను రోజుల్లో కోత. గడ్డి కోయకపోతే చలికాలం పశువులు చస్తాయి. అంతకుముందు తాత ముత్తాతల్లో ఎవరికీ పడని పుల్ల తనకే ఎందుకు పడింది? కోతయ్యాక చెబుదాం అనుకున్నాడు. పొడుగు పుల్ల పెట్టి దిగివచ్చి, “నిలిచే ఉంది” అన్నాడు. ఊరంతా ఆ మాట మీద తాగారు. కోత అయింది. అప్పుడు చెబితే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటారు. ఓడెక్కి వచ్చేశాడు. ఏడేళ్ళుగా ఏ రేవులో దిగినా తన దేశపువాళ్ళు కనిపిస్తే వీధి మారుస్తాడు, ఆ ఊరి మాట వాళ్ళ నోట వస్తుందేమోనని.

తాత గంప ఇంకా నెత్తిమీదే ఉంది.

“నాయుడన్నా, అడుగు. ఎన్నిసార్లు మార్చినాడు పుల్ల?”

నాయుడు అడిగాడు. “ఒక్కసారేనంట.”

“నేను మూడుసార్లు.”

నాయుడికి కొంతసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక, “ఈ మాట దొరకి చెప్పాల్నా?” అన్నాడు.

“వద్దు” అన్నాడు తాత. గంప దించాడు. బండీ, ఎద్దులూ అక్కడే వదిలేసి పరిగెత్తాడు.

మిట్టకి చేరేసరికి జనం మధ్యాహ్నం గంజికి కూర్చున్నారు. తాత ఎవరితోనూ మాట్లాడలేదు. చెబితే ఏం జరుగుతుందో ఆయనకి తెలుసు. ఎండ్రకాయ చిప్పతో బండి తోలినవాడి మాటకి యాభైమంది లేచి సామాన్లు సర్దరు. సర్దుదామన్నా దిమ్మె నిలిచి ఉండగా కదలకూడదు. గడ్డపార తీసుకుని గుంతలోకి దిగి, సాక్షి దిమ్మె మొదట్లో పొడిచాడు. నాలుగు పోట్లకి అది పక్కకి ఒరిగింది. అయిదో పోటుకి రెండు నెలల కష్టం ముక్కలై పడింది.

మొదట అరిచింది మా అవ్వే. “నీ చేతులు పడిపోనూ! ఏం చేసినావయ్యా!”

వీరాసామి గంజి ముంతతోనే దిగివచ్చాడు. “ఎవురు పెట్టినార్రా నీకు మందు? యాభై నోళ్ళు కొట్టినావు గదరా!”

“పైన పగులుండాది మామా. గోడ పడతాది. లేవండి.”

“నువ్వు గదరా చోటు చూపించింది! పడదంటివి గదరా!”

“అంటి” అన్నాడు తాత. “ఇప్పుడు దిమ్మె పడిపోయింది. ఇక్కడ పొయ్యి వెలిగించకూడదు. ఇంక ఉండేదానికి లేదు.”

తిట్టుకుంటూనే లేచారు. గోడ భయంతో కాదు, కట్టడి భయంతో. గుడిసెలు విప్పకుండా కుండలూ పిల్లల్నీ ఎత్తుకుని, రెండు పొలాల అవతల బయలులో పడ్డారు. చినుకు పడుతూనే ఉంది. తాత వంక ఎవరూ చూడలేదు. మా అవ్వ ఆయన ముందు కూడు పెట్టి, వీపు తిప్పి కూర్చుంది.

ఒక రోజు గడిచింది. గోడ నిలిచే ఉంది. రెండు రోజులు. ఎండ వచ్చింది, గోడ ఎర్రగా, అందంగా మెరిసింది. మూడో రోజు వీరాసామి అందర్నీ కూర్చోబెట్టి, మావాళ్ళే చెయ్యగల ఆలోచన ఒకటి చేశాడు. కొలత దొర రేపటికి వస్తాడు. పడిన మట్టినే తడిపి, అదే చోట దిమ్మె మళ్ళీ కడదాం. పైన గడ్డి అంటిద్దాం, పసుపు రాద్దాం. దొరకేం తెలుసు? ఒక అడుగు ఎత్తు ఎక్కువే కడదాం. దిమ్మె లేచిందంటే గుడిసెలకీ పోవచ్చు.

జనం మొహాలు వెలిగాయి. ముందు గాడిదల్ని తోలారు నీళ్ళ తిత్తులతో. వెనక అందరూ పారలు పట్టుకుని. గుంతలోకి దిగే బాట మొదట్లో తాత గడ్డపార అడ్డంగా పట్టుకుని నిలబడ్డాడు. గాడిదలు ఆయన పక్కనుంచి దిగిపోయాయి. మనుషుల్ని దిగనివ్వలేదు.

“తొలగు.”

“తొలగను మామా. ఆ దిమ్మె కడితే అది దొంగ సాక్షి.”

“దిమ్మె కూల్చినోడు నాకు సాక్షుల గురించి చెప్తాడా!”

“పదిరోజులు నేనే దొంగ సాక్షిని” అన్నాడు తాత. “పగులు విచ్చుకుంటా ఉంటే పుల్లలు మార్చినా. మూడుసార్లు. మీకు చెప్పలా. మీరందరూ దాని కింద పండుకోనుంటిరి.”

వీరాసామి కొట్టాడు, పార కామతో, భుజం మీద. తర్వాత ఎవరు కొట్టారో, ఎన్ని తగిలాయో తాతకి లెక్కలేదు. గడ్డపార మాత్రం వదల్లేదు. కింద పడ్డాక బాటకి అడ్డంగా పడుకున్నాడు. ఆయన్ని దాటి మొదట కాలు ఎత్తింది మా అవ్వే అట. ఆ కాలు కింద పెట్టకముందే చేటలోంచి జొన్నలు పోసినట్టు సన్నగా ఒక చప్పుడు వినిపించింది. అందరూ తలెత్తారు. గోడ పైన ముళ్ళపొదలు నిలబడే ఉన్నాయి, అయితే మెల్లగా దగ్గరికి వస్తున్నాయి.

పెద్ద చప్పుడు కూడా లేదనేవాడు తాత. ఒక పెద్ద మనిషి అలిసిపోయి కూర్చున్నట్టు కూర్చుంది మిట్ట. పదకొండు గుడిసెలూ, గుంతా, దిమ్మె చోటూ పోయాయి. ఎర్రదుమ్ము లేచి, ఎదుటి మనిషి కనబడలేదు. దుమ్ములో అందరూ ఒకర్నొకరు పేర్లు పెట్టి పిలుచుకున్నారు. యాభై పేర్లూ పలికాయి.

దుమ్ము తగ్గాక గంట వినిపించింది. గాడిద మెడగంట. మట్టి కిందనుంచి.

తవ్వడం తప్ప ఇంకో పని తెలియని యాభైమంది చేతుల్లో పారలు పట్టుకుని నిలబడ్డారు. మిట్ట ఇంకా పెళ్ళలు రాలుస్తోంది. “దిగొద్దండి” అన్నాడు తాత పడుకున్నచోటునుంచే. ఈసారి ఎవరూ ఎదురాడలేదు. గంట కాసేపు మోగేది, ఆగేది. మళ్ళీ మోగేది. పొద్దు వాలేదాకా ఎవరూ అక్కణ్ణుంచి కదల్లేదు.

మర్నాడు కొలత దొర వచ్చి, కర్ర ఎక్కడ పెట్టాలో తెలీక, ఎక్కిన గుర్రం దిగకుండానే వెళ్ళిపోయాడు.

భుజం కట్టు విప్పాక తాత ఎద్దుల కోసం ఆసుపత్రికి వెళ్ళాడు. హాల్వర్ మంచం ఖాళీ. కాలు పూర్తిగా అతకకుండానే పడమటికి పోయే ఓడ ఒకటి దొరికితే ఎక్కేశాడట. “నువ్వు ఎందుకు పరిగెత్తినావని అడిగినాడు” అన్నాడు నాయుడు. “చెప్పక తప్పింది కాదు. అప్పుడే కర్రలు తీసుకున్నాడు.” ఇల్లు చేరాడో లేదో, చేరితే అక్కడ ఇల్లుందో లేదో తాతకి తెలీదు. తర్వాత ముప్పై ఏళ్ళపాటు రేవులో ఏ తెల్ల ఓడమనిషి దిగినా, “స్కారెదాలు ఉండాదా?” అని అడిగేవాడు. వాళ్ళు భుజాలు ఎగరేసేవాళ్ళు.

ఆ తర్వాత తాత మిట్ట కింద పని చెయ్యలేదు. ముదలియార్‌పేటలో ఇల్లు కట్టుకున్నాడు. ఎండ్రకాయలూ కోతలూ మామూలే. పడమటి గదిలో గోడకి ఒక నెర్ర ఉండేది. అందులో ఎప్పుడూ ఒక చీపురుపుల్ల ముక్క అడ్డంగా ఉండేది. చిన్నప్పుడు దాన్ని పీకినందుకు నా వీపు పగిలింది.

ఆఖరి రోజున ఆ గదిలోనే మంచం మీద ఉన్నాడు. చూపు పోయింది. నన్ను పిలిచి, “చూసి చెప్పరా, పుల్లుండాదా?” అన్నాడు.

చూశాను. పుల్ల నేలమీద ఉంది. ఎలుక లాగిందో, పిల్లలు లాగారో. నా జీవితంలో నేను చెప్పిన అబద్ధాలు పోగేస్తే ఆ మిట్ట అంత అవుతాయి. ఇంకొకటి చెప్పడం నాకెంత పని? పోతున్న మనిషి. నోటి దాకా వచ్చింది కూడా.

“పడిపోయింది తాతా” అన్నాను.

“మంచం ఎత్తండి” అన్నాడు. అందరం కలిసి వీధిలోకి మోశాం. అక్కడే, ఆకాశం కింద, మా అందరి పేర్లూ ఒక్కొక్కటే పిలిపించుకుని, పలికాయని విని పోయాడు.

ఆ గది గోడ ఇప్పటికీ నిలబడే ఉంది. ఇల్లు బాడుగకి అడిగినవాళ్ళకి పడమటి గది చూపించను. పోయిన వానాకాలం నెర్రలో కొత్త పుల్ల పెట్టాను. ముందుదానికంటే కొంచెం పొడుగుది కావలసివచ్చింది. ఆ సంగతి ఇంట్లో అందరికీ చెప్పాను.